ఆకాశం ఏ అరలో ఉంది?

ఆదివారం. పొద్దున్నుంచి ఇల్లంతా పిల్లలే. కాజీపేట నుంచి అక్క తన బిడ్డను, కొడుకును దింపి పోయింది, పక్కింటి బాబు ఎట్లాగూ మా ఇంట్లోనే ఉంటాడు. అమ్మ సర్వపిండి చేస్తానని చెప్పడంతో ముగ్గురూ ఎక్కడికీ పోకుండా కూర్చున్నారు. నాకు కావాల్సిందీ అదే. నేను రాస్తున్న పిల్లల నవల మూడో అధ్యాయంలో ఒక చిక్కుముడి పెట్టాను, అది పిల్లల చేతుల్లో నిలుస్తుందో లేదో చూడకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు.

కథ హనుమకొండలో జరుగుతుంది. ఒక పాత గ్రంథాలయం, వేసవి సెలవులు, పిల్లలకు ఒక పోటీ. ఎప్పుడో తప్పిపోయిన ఒక లిఖిత పత్రికను, అంటే చేత్తో రాసిన పత్రికను, పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి సాయంత్రం బీరువాలకు తాళాలు పడేలోపు కనిపెట్టాలి. ఊరు హనుమకొండే ఎందుకంటే 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టింది ఇక్కడే. బడుల్లో ఉర్దూ చదువు నడిచిన నిజాం కాలంలో తెలుగు పుస్తకం కోసం జనం తమంతట తాము గ్రంథాలయాలు పెట్టుకున్న నేల ఇది. ఇలాంటి ఊళ్లో సాహసకథ రాయడానికి గుహలు, ద్వీపాలు ఎందుకు? మూసిన పుస్తకాలు చాలు.

ఇట్లాంటి కథల్లో నాకు నచ్చనిది ఒకటుంది. పోటీ అంటారు, తీరా చూస్తే అది క్విజ్. క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్లవాడు టకటకా జవాబులు చెప్పి గెలుస్తాడు, చదివే పిల్లలేమో పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. గ్రంథాలయంలో పోటీ పెడితే ముందే తెలిసినవాళ్ళకు ఏ లాభమూ ఉండకూడదు. తెలియనిదాన్ని వెతికి పట్టుకునేవాళ్ళకే అందులో చోటుండాలి. ఈ మాట మీద నాకు ఎంత పట్టుదల ఉందంటే దీనికోసమే మొదటి రెండు అధ్యాయాలు తీసేసి మళ్ళీ రాశాను.

అందుకే కటపయాది తెచ్చాను, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చి మాటలో నంబరు దాచే పాత పద్ధతి. అక్క బిడ్డ సంగీతం నేర్చుకుంటోంది, దానికి కర్ణాటక సంగీతంలో మూలమైన 72 మేళకర్త రాగాల సంగతి కొంచెం తెలుసు. కానీ రాగం పేరు మొదటి రెండు అక్షరాల్లోనే దాని నంబరు దాగి ఉంటుందని తెలియదు. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, వెనక నుంచి చదివితే 29. అది 29వ మేళకర్త. మేచకల్యాణిలో మే 5, చ 6, అంటే 65. ఈ రెండూ చెప్పేసరికి దాని కళ్ళు పెద్దవయ్యాయి.

సర్వపిండి తింటూనే పట్టిక రాసుకున్నారు. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య ర ల వ శ ష స హ ళ వరుసగా 1 నుంచి 9. క, ట, ప, య నాలుగూ ఒకటితో మొదలవుతాయి కాబట్టే ఆ పేరు. మాట మొదట్లో అచ్చు వస్తే అది సున్నా. గుణింతం ఏదైనా ఒకటే, పూర్ణానుస్వారాన్ని లెక్కపెట్టం, ఒత్తు ఉన్నచోట చివరి హల్లునే తీసుకుంటాం, వచ్చిన అంకెలను వెనక నుంచి చదువుతాం. ఇంతే.

ఇక మొదలైంది. మామ 55, తాత 66, అమ్మ 50, చిన్నమ్మ 506. చిన్నోడు, అంటే అక్క కొడుకు, ఐదో తరగతి, వాడు ఆగలేదు, గోడ మీది క్యాలెండర్ నుంచి గిన్నెల దాకా కనిపించినదానికల్లా నంబరు వేస్తూ ఇల్లంతా తిరిగాడు. హాల్లో ఇనుప ర్యాకు అరల మీద నేను పొద్దున్నే డ్యూయీ నంబర్లు, అంటే గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాల వారీగా సర్దడానికి వాడే నంబర్లు, రాసి అంటించాను: 510 గణితం, 520 ఖగోళం, 550 భూమికి సంబంధించిన శాస్త్రాలు, 598 పక్షులు, 796 ఆటలు. వాడు అక్కడ ఆగిపోయి "చిన్నమ్మా, అమ్మమ్మ 550!" అని అరిచాడు. చూస్తే నిజమే, అ 0, మ్మ 5, మ్మ 5. నేను అనుకొని పెట్టింది కాదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ అరలో రాళ్ళ పుస్తకం ఉందని తెలుసుకొని ఎంత సంబరపడిందో.

పక్కింటి బాబుకు మాత్రం క్రికెట్ ఎక్కడుందో కావాలి. 796.358 అని చెప్పాను. చుక్క తర్వాత ఒక్కో అంకె పెరిగే కొద్దీ విషయం ఇంకా చిన్నదవుతుందని చూపిస్తే, వాడు తనంతట తాను, "అంటే అడ్రస్ లాగా, మొదట జిల్లా, తర్వాత వాడ, తర్వాత ఇల్లు" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఈ మాట నవలలో ఒక పాత్రకు ఇచ్చేస్తాను.

తర్వాత కాసేపు వేరే ఆటలాడించాను. ‘తెల్లని మడిలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు’ అంటే అక్షరాలని వెంటనే చెప్పేశారు. అంతా పట్టికను మరిచిపోయారు అనుకున్నాక అసలు చీటీ ఇచ్చాను. అందులో ఒక్కటే మాట: ఆకాశం.

అక్క బిడ్డ ఒక్క ఉరుకులో 520 దగ్గరుంది, నక్షత్రాల పుస్తకం తీసింది, వెనకే పక్కింటి బాబు. లోపల ఇంకో చీటీ: ‘ఇక్కడ నక్షత్రాలు ఉన్నాయి, నువ్వు వెతికేది లేదు.’ ఇద్దరూ పుస్తకం మొత్తం దులిపారు. చిన్నోడు కదల్లేదు. కింద కూర్చొని వేళ్ళ మీద లెక్కేస్తున్నాడు. ఆ సున్నా, కా ఒకటి, శం ఐదు. వెనక నుంచి 510. మెల్లగా లేచి లెక్కల పుస్తకం తీశాడు.

"ఇది మోసం చిన్నమ్మా! ఆకాశం అంటే ఎవరైనా 520కే పోతారు" అని పెద్దది గట్టిగా కొట్లాటకు వచ్చింది. నీ చేతిలో ఉన్న కాగితం చూడు అన్నాను. పట్టిక అది తన చేత్తో రాసుకున్నదే. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇంకోటి ఇవ్వమని పట్టుబట్టింది. ‘ఆరామం’ ఇచ్చాను. మిగతా ఇద్దరూ తోటల పుస్తకం కోసం వెతుకుతుంటే అది నేరుగా 520కి పోయింది.

అధ్యాయం ఎట్లా ఉండాలో నాకు అక్కడ తేలిపోయింది. తాళంచెవి ముందే పాఠకుల చేతిలో ఉండాలి. అదీ పాఠంలా కాదు, ఆటలా, ఎవరూ దాచుకోవాలనుకోనంత తేలికగా. తర్వాత తప్పుదారి ఎంత అందంగా ఉన్నా ఫర్వాలేదు, చదివే పిల్లలు పేజీలు వెనక్కి తిప్పి చూస్తే జవాబు అక్కడ దొరకాలి. రచయిత చివరి పేజీలో కొత్త విషయం తెచ్చి ముడి విప్పితే మాత్రం అది నిజంగా మోసమే, పిల్లలు దాన్ని క్షమించరు, క్షమించకూడదు కూడా.

510లో దొరికే తర్వాతి ఆధారం ఒక లెక్కల మాస్టారి గురించి. లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడైన ఎస్.ఆర్.రంగనాథన్. ఆయన 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో ‘ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు’ అన్నది నా కథకు ప్రాణం. పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యమని కూడా ఆయనే అన్నాడు. నా పిల్లలేమో రోజంతా అరల మధ్య తిరుగుతారు. అయినా నాకేం బాధ లేదు. పక్షుల కోసం వెతుకుతూ రాళ్ళ పుస్తకం దగ్గర ఆగిపోయిన పిల్లవాడి సమయం వృథా అయిందని నేను ఒప్పుకోను. ఓడిన జట్లు కూడా తాము తెరిచిన పుస్తకాల్లోంచి ఒకటి ఇంటికి తీసుకుపోవచ్చు, అదే ఆ పోటీ నియమం.

సాయంత్రం అక్క వచ్చి తీసుకుపోయేటప్పుడు ముగ్గురికీ ఒక పని పెట్టాను. నాలుగో అధ్యాయానికి 598 కావాలి, పక్షులు. మొదటి అక్షరం జ, ద, హ లాంటిది, రెండోది ఝ, ధ, ళలో ఒకటి, మూడోది ణ, మ, శ. నాకు ఎంత వెతికినా మాట దొరకలేదు.

ఇందాక అక్క ఫోన్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్, పెద్దదే పంపింది: ‘దళము’. ద 8, ళ 9, ము 5. తిప్పితే 598. పైగా పక్షులు దళంగానే ఎగురుతాయి కదా చిన్నమ్మా అని కింద ఇంకో లైను. ఈ మాట వింటే పాఠకులు ఆకుల పుస్తకం దగ్గరికి పోతారు, మారేడు దళం దగ్గరికి పోతారు, కొందరు సైన్యం దగ్గరికి కూడా. నాలుగో అధ్యాయం రేపు పొద్దున ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను.