ఓటు అడగని సభకి మన మాట చేరేదెలా

యూకేలో ఉండే మన తెలుగువాళ్లకి ఎంపీ తెలుసు, కౌన్సిలర్ తెలుసు, ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఇక్కడ ఓటు కూడా వేస్తాం. పార్లమెంట్ పై సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అది మనకి సంబంధం లేని విషయం అనుకుంటాం. నిజమే, అక్కడ ఉన్నవాళ్లని జనం ఎవరూ ఎన్నుకోలేదు, 26 మంది బిషప్‌లు, మిగతావాళ్లలో చాలామంది 1958 చట్టం కింద జీవితాంతం ఉండేలా నియమించినవాళ్లు. ఈ పద్ధతి నాకు నచ్చదు, మార్చాల్సిందే అంటాను.

కానీ వాళ్లు చేసే పని మాత్రం మనం పట్టించుకోవాలి. 1911, 1949 చట్టాల తర్వాత మామూలు బిల్లుల్ని వాళ్లు ఓ ఏడాది వరకు ఆపగలరు అంతే, పూర్తిగా ఆపేసే పవర్ పోయింది, అయినా క్లాజ్ క్లాజ్ చదివి సవరణలు పంపిస్తారు. 2016లో ఆల్ఫ్ డబ్స్ అనే లార్డ్, తల్లిదండ్రులు తోడు లేని శరణార్థి పిల్లల్ని యూరప్ నుంచి తీసుకురావాలని సవరణ పెట్టారు. ఆయనే 1939లో ఆరేళ్ల వయసులో ప్రాగ్ నుంచి, నాజీల బారి నుంచి పిల్లల్ని తప్పించిన రైల్లో వచ్చినవాడు! 3,000 మందిని తేవాలంటే ఎంపీలుండే కింది సభ కామన్స్ ఒప్పుకోలేదు, అంకె తీసేసి మళ్లీ పంపితే గవర్నమెంట్ దిగొచ్చింది, చివరికి 480 దగ్గర ఆపేశారు, అది నాకు ఇప్పటికీ బాధే.

సరే, మన మాట ఎలా చేరాలి? ఎంపీకైతే నియోజకవర్గం ఉంటుంది, వెళ్లి కలుస్తాం. లార్డ్స్‌కి నియోజకవర్గాలే లేవు, ఆన్‌లైన్ పిటిషన్లు కూడా కామన్స్‌కే వెళ్తాయి. మిగిలిన దారి లార్డ్స్ కమిటీలు. ఏదైనా విషయం మీద విచారణ మొదలుపెట్టినప్పుడు సాక్ష్యం, అంటే మన అనుభవం, అభిప్రాయం, రాసి పంపమని అందర్నీ అడుగుతారు, లాయరో ప్రొఫెసరో అయ్యుండక్కర్లేదు, నర్సు రాయొచ్చు, కేర్ హోమ్‌లో పనిచేసే అమ్మాయి రాయొచ్చు. 2024లో స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 26,200 నుంచి 38,700 పౌండ్లకి పెంచారు, కేర్ వర్కర్లు కొత్తగా వస్తే కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు, మనవాళ్ల ఇళ్లలో ఎంత గుబులు! ఇవి మామూలు బిల్లుల్లా రావు, రూల్స్ మార్పులుగా పార్లమెంట్ ముందు పెడతారు, అలాంటివాటిని వరసపెట్టి చూసే కమిటీ లార్డ్స్‌లోనే ఉంది, దానికి కూడా బయటివాళ్లు రాయొచ్చు. ఈ సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడైనా కనిపించిందా? జనం ఓటుతో రాని సభ జనం దగ్గరికి ఇంకా ఎక్కువ రావాలి కదా, సాక్ష్యం పంపమనే పిలుపుల్ని ఆ సభే తేలిక భాషలో రాసి గుళ్లకి, సంఘాలకి, హాస్పిటల్ స్టాఫ్ రూములకి పంపాలని నేను గట్టిగా అడుగుతాను.

రాసేవాళ్లకి ఒక్క మాట. పేరాలకి నంబర్లు వేసి, మీకు జరిగింది క్లుప్తంగా రాయండి, చివరి తేదీ చూసుకోండి. సాక్ష్యం మామూలుగా పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతారు, ఉద్యోగానికి ఇబ్బంది అనిపిస్తే పేరు బయటపెట్టొద్దని పంపేటప్పుడే కమిటీ స్టాఫ్‌ని అడగండి.