విశ్వామిత్రుడు కట్టిన ఆకాశం, మనం మరిచిపోయే మొక్కులు

"అన్యమింద్రం కరిష్యామి లోకో వా స్యాదనింద్రకః."

ఇంకో ఇంద్రుణ్ణి చేస్తాను, లేదంటే నా లోకం ఇంద్రుడు లేకుండానే ఉంటుంది. రామాయణం బాలకాండ 60వ సర్గలో విశ్వామిత్రుడు అన్న ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు పారాయణం ముందుకు సాగదు. అంత మాట అనగలిగిన మనిషి ఇంకొకడు మన పురాణాల్లో కనిపించడు. మనమేమో ఆయన కట్టిన స్వర్గాన్ని తిట్టు చేసేశాం. ఉద్యోగం పర్మనెంటు కాకపోతే త్రిశంకు స్వర్గం, పెళ్లి సంబంధం తేలకపోతే త్రిశంకు స్వర్గం, కోర్టులో కేసు నానితే త్రిశంకు స్వర్గం. ఎటూ కాకుండా వేలాడేది అని అర్థం కట్టేశారు. నాకు ఈ వాడుక వింటే కష్టంగా ఉంటుంది. 57 నుంచి 60 దాకా నాలుగు సర్గలు ఒక్కసారి శ్రద్ధగా చదివినవాళ్లు ఆ మాట అలా వాడలేరు.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను: త్రిశంకుడనే రాజు ఈ ఒంటితోనే స్వర్గానికి పోవాలనుకున్నాడు, కులగురువు వసిష్ఠుడు కుదరదన్నాడు, ఆయన కొడుకులు శపించారు. నేను పట్టుకుని కూర్చున్నది ఒక్కచోట. శాపం తగిలి ఒళ్లు నల్లబడి, మెడలో బంగారం ఇనుమైపోయి, మంత్రులూ పౌరులూ వదిలేసి పారిపోతే త్రిశంకుడు ఒంటరిగా విశ్వామిత్రుడి ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు వాల్మీకి "మునిః కారుణ్యమాగతః" అన్నాడు. వసిష్ఠుడి మీద పంతంతోనే ఇదంతా చేశాడని హరికథల్లో చెప్తారు, పంతం లేదని నేనూ అనను. కానీ మూలంలో ముందు వచ్చింది జాలి. ఆ జాలిలోనే మాటిచ్చాడు, ఈ ఒంటితోనే నిన్ను స్వర్గానికి పంపిస్తానని. యజ్ఞానికి పిలిస్తే దేవతలు రాలేదు. అప్పుడాయన స్రువం, అంటే హోమంలో నెయ్యి పోసే గరిటె, పైకెత్తి, నేను సొంతంగా సంపాదించుకున్న తపఃఫలం ఏ కాస్తయినా ఉంటే దాంతో వెళ్లు రాజా అన్నాడు. తన కష్టార్జితాన్ని తీసి ఇంకొకడి చేతిలో పెట్టాడు.

ఇంద్రుడు కిందికి తోస్తే "త్రాహి" అని అరుస్తూ తలకిందులుగా పడుతున్నవాణ్ణి "తిష్ఠ తిష్ఠ" అని ఆపి, దక్షిణదిక్కున వేరే సప్తర్షుల్ని, వేరే నక్షత్రమాలని చేశాడు. ఆ కోపంలోనే దేవతల్ని కూడా చెయ్యడానికి పూనుకున్నాడు. అప్పుడు కదా పై లోకంలో కంగారు పుట్టింది! దేవతలూ అసురులూ ఋషులూ పరుగెత్తుకొచ్చి బతిమాలారు. ఆయన వాళ్లకిచ్చిన జవాబే నాకు ఈ నాలుగు సర్గల ప్రాణం.

"ఆరోహణం ప్రతిజ్ఞాతం నానృతం కర్తుముత్సహే."

ఎక్కిస్తానని మాటిచ్చాను, దాన్ని అబద్ధం చెయ్యలేను. అంతే. నా తపస్సు చూశారా అనలేదు, ఇంద్రుడి సంగతి తేలుస్తా అనలేదు. దేవతలు ఒప్పుకున్నారు. ఆ నక్షత్రాలు వైశ్వానర పథానికి, అంటే మామూలు నక్షత్రాలు నడిచే దారికి, అవతల ఉంటాయి, వాటి మధ్య త్రిశంకుడు తలకిందులుగానే అయినా దేవతలా వెలుగుతుంటాడు, ఆ జ్యోతులన్నీ స్వర్గానికి పోయినవాడి వెంట నడిచినట్టు ఆయన వెంట నడుస్తాయి అన్నారు. కృతార్థుడని కూడా అన్నారు. ఇంత గౌరవం దక్కినవాణ్ణి పట్టుకుని మనం ఎటూ కానివాడంటున్నాం.

మా అన్న కొడుకు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదువుతూ ఫాంటసీ కథ రాస్తున్నాడు. సొంతంగా ఒక లోకం, దానికి ఇద్దరు చంద్రులు, అగ్నికొకడూ సముద్రానికొకడూ యుద్ధానికొకడూ దేవుళ్లు, ఎవరికెంత శక్తో పట్టిక కూడా వేసుకున్నాడు. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు చూపించాడు. వాడు రాయడం నాకు సంతోషమే, లోకాలు ఊహించే అలవాటు మనకి కొత్తేమీ కాదు. "చిన్నాన్నా, వీళ్లలో ఎవరు గొప్పోడో చెప్పు" అన్నాడు. వీళ్లలో ఎవరైనా ఎవరికైనా మాటిచ్చారా అని అడిగాను. లేదంట, వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారంట. మరి నీ లోకంలో జనం వాళ్లకి ఏం మొక్కుకుంటారు, బిడ్డకి జొరమొస్తే ఎవరి గుడికి పోతారు అన్నాను. జనం గురించి ఇంకా రాయలేదన్నాడు. ముందు వాళ్లని రాయి నాయనా, ఒక ముసలమ్మ వచ్చి నీ అగ్నిదేవుడికి మొక్కుకోనీ, ఆయన సరేననీ, అన్నాక నిలబెట్టుకోవడానికి ఆయన పడే తిప్పలు రాయి, అప్పుడు నీ దేవుడికి నేనూ దండం పెడతానన్నాను.

ఇంకో సంగతి. ఈ కథ రాముడికి చెప్పింది మిథిలలో జనకుడి పురోహితుడు శతానందుడు. విశ్వామిత్రుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. వింటున్న రాముడు త్రిశంకుడి వంశంలోవాడే. తన పూర్వీకుడి కోసం ఈ ఋషి మాట తప్పనన్నాడని ఆ పిల్లవాడు విన్నాడు, తర్వాత తండ్రి మాట కోసం అడవికి పోయాడు. పురాణాల్లో త్రిశంకుడి కొడుకు హరిశ్చంద్రుడు. తండ్రి కోసం మాట మీద నిలబడ్డ విశ్వామిత్రుడే కొడుకుని మాట మీద నిలబడతావా లేదా అని కాటికాపరి పని దాకా లాక్కెళ్లాడు. వేరే ఎవరికైనా ఆ పరీక్ష పెట్టే అర్హత ఉందా చెప్పండి.

వైశాఖంలో ఒక రాత్రి తొమ్మిదీ పదీ మధ్య నెల్లూరు దగ్గర మైపాడు ఒడ్డుకి పోండి. సముద్రం ఎడమచేతికి వచ్చేట్టు దక్షిణం తిరిగి నిలబడండి. చెయ్యి చాపి పిడికిలి పట్టి చూస్తే నేల అంచుకి సుమారు ఒకటిన్నర పిడికిలి ఎత్తులో నాలుగు నక్షత్రాలు గాలిపటంలా ఉంటాయి, వాటికి ఎడమపక్కన ఇంకో రెండు బాగా వెలుగుతుంటాయి. ఆ నాలుగిటినే మనవాళ్లు త్రిశంకుడంటారు, ఇంగ్లీషులో సదరన్ క్రాస్. ఉత్తరాదికి పోయేకొద్దీ అవి కిందికి దిగిపోతాయి, మనకి మాత్రం మబ్బు లేకపోతే చాలు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఇచ్చిన మాట పోకూడదని ఒక ఋషి పెట్టిన దీపాలు నాన్నా అని చెప్పండి.

ఇక మన సంగతి. ఆపద మొక్కులు, సంపద మరుపులు అని ఊరికే అనలేదు. గర్భగుడి ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, సీటు వస్తే కొండెక్కుతా, వీసా వస్తే తలనీలాలిస్తా అంటారు. పని అయ్యాక సెలవు దొరకలేదంటారు, ఎండలంటారు, ఇంకొందరు ఫోన్లో డబ్బు పంపేసి అయిపోయిందంటారు. నడిచి ఎక్కుతానన్నవాడు నడవాలి కదా! నెల్లూరు రొట్టెల పండగ చూడండి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె పట్టుకున్నవాళ్లు, కోరిక తీరాక మళ్లీ అదే నీళ్లలోకి దిగి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. కొంగు నిండా రొట్టెలు పెట్టుకుని, తడిసిన చీరతో, పోయినేడు నేను పట్టుకున్నా, ఈ ఏడు నువ్వు పట్టుకోమ్మా అని ముక్కూమొహం తెలియని ఆడమనిషి చేతిలో పెట్టే ఆవిడ మొహం చూడండి. ఆవిడ మతమేదో నాకు తెలియదు, అడగాలని కూడా అనిపించలేదు.

మా అమ్మ పెంచలకోనకి మొక్కుకుంటే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి దేవుడి పటం మేకుకి తగిలించేది. పొద్దున దీపం పెట్టినప్పుడల్లా అది కళ్లకి కనపడాలి. అప్పు ఉంచుకున్నా ఉంచుకోవచ్చు గానీ మొక్కు ఉంచుకోకూడదురా అనేది. పొగకి ఆ గుడ్డ నల్లబడేది, ముడి మాత్రం తీర్చేదాకా విప్పేది కాదు.

మీ ఇంట్లో అలాంటి ముడుపు ఏదైనా ఉందేమో చూడండి. గుడ్డలో కట్టకపోయినా మనసులో అనుకున్నది ఉంటుంది. అది జొన్నవాడ అమ్మకైనా, పెంచలకోన స్వామికైనా, ఊరి పోలేరమ్మకైనా సరే. మాలకొండ అయితే శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి ఈ శనివారానికే బయల్దేరండి, వచ్చే నెల అనుకుంటే వచ్చే ఏడవుతుంది. ఏమన్నారో అదే చెయ్యండి, దానికి బదులు ఇంకోటి చెయ్యకండి. చేతిలో డబ్బు ఆడనివాళ్లు ఉత్త చేతులతోనే పోయి, స్వామీ ఇప్పుడు కుదరలేదు, ఫలానా నాటికి తీరుస్తానని గడువు అడిగి రండి. వానల్లేని ఏడు మా అమ్మ అలాగే అడిగి వచ్చింది, మరుసటేడు వడ్లు ఇంటికి రాగానే తీర్చింది.