పంపు (హార్ట్-లంగ్ మెషీన్) దిగగానే ఎస్100బి చూసి కంగారు పడకండి

"ఎస్100బి ఇంత పెరిగింది, మెదడు దెబ్బతిన్నట్టేనా?" ఇవాళ బైపాస్ అయిన పేషెంటు రిపోర్టు చూసి ఐసీయూలో వచ్చిన ప్రశ్న. ఎస్100బి అంటే మెదడు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్.

అంత తొందర వద్దు. ఎస్100బి మెదడులోనే కాదు, కొవ్వులోనూ ఉంటుంది. రొమ్ము ఎముక కోసినప్పుడు ఆ కొవ్వు, మజ్జ ఛాతీలో చేరిన రక్తంలో కలుస్తాయి. ఆ రక్తాన్నే సక్షన్‌తో లాగి హార్ట్-లంగ్ మెషీన్‌లోకి పంపితే లెవెల్ ఎగబాకుతుంది. అందుకే పంపు దిగిన వెంటనే తీసిన శాంపిల్‌ని నేనైతే నమ్మను. అలా కలిసింది గంటల్లో దిగిపోతుంది. మర్నాటికీ దిగకపోతే, అప్పుడు నిజంగా ఆలోచించాలి.

ఎన్‌ఎస్‌ఈది ఇంకో తంటా. నరాల కణాల్లో ఉండే ఎంజైమ్ ఇది. అది ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది, పంపులో కణాలు చితికితే పెరుగుతుంది. సీరం ఎర్రగా కనిపిస్తే ఆ అంకెని పక్కన పెట్టేయండి.

జీఎఫ్‌ఏపీ అనే ప్రోటీన్ ఎక్కువగా మెదడులోని ఆస్ట్రోసైట్లదే (నరాల కణాలకు ఆసరాగా ఉండే కణాలు), ఈ కల్తీ బెడద తక్కువ. న్యూరోఫిలమెంట్ లైట్ (నరాల కణాల పోగుల్లోని ప్రోటీన్) రోజుల మీద పెరుగుతుంది, ఆపరేషన్ టేబుల్ దగ్గర అక్కరకు రాదు. పైగా వయసు మళ్లినవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ముందే ఎక్కువ. మత్తు ఇవ్వకముందే ఒక శాంపిల్ తీసి పెట్టుకోకపోతే తర్వాతి అంకెని దేనితో పోలుస్తాం?

ఇక పేషెంటు మెలకువలోకి రాగానే కాళ్లూ చేతులూ రెండు వైపులా ఆడిస్తున్నారో లేదో చూడండి. తేడా ఉంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగొద్దు, వెంటనే సీటీకి పంపండి.