పీస్టేట్‌లో నాలుగు బైట్లు: కేజీడీబీతో నా అనుభవం

బోర్డుతో పాటు వచ్చింది పాత 3.18 ఆర్మ్64 (64 బిట్ల ఆర్మ్) లినక్స్ కెర్నల్. అందులో ఒక డ్రైవర్ అప్పుడప్పుడు బిగుసుకుపోతోంది. ప్రింట్‌కేలతో (కెర్నల్ లాగ్ సందేశాలతో) తేలేలా లేదని, కెర్నల్‌లోనే ఉండే డీబగ్గర్ కేజీడీబీకి దిగాను. సీరియల్ కేబుల్ తగిలించి, కెర్నల్‌ను డీబగ్గర్ కోసం ఆపే సిస్‌రిక్యూ జి కొట్టగానే కెర్నల్ ఆగింది. కేబుల్ ఇవతల దానితో మాట్లాడాల్సిన డీబగ్గర్, ల్యాప్‌టాప్‌లోని కొత్త జీడీబీ మాత్రం జి ప్యాకెట్ జవాబు మరీ పొడుగ్గా ఉందంటూ కనెక్ట్ కానంది.

జి ప్యాకెట్ అంటే ప్రాసెసర్ రిజిస్టర్ల (దాని లోపలి చిన్న నిల్వల) విలువలన్నీ ఒకేసారి అడగడం. జవాబులో పేర్లుండవు, వరసగా హెక్స్ అంకెలే. ఏది ఎన్ని బైట్లో కేజీడీబీ విడిగా చెప్పదు, రెండు వైపులా ముందే ఒక మాట మీద ఉండాలి.

వచ్చే పోయే ప్యాకెట్లు చూపే డీబగ్ రిమోట్‌ను జీడీబీలో ఆన్ చేసి లెక్కపెట్టాను. సాధారణ రిజిస్టర్లు ఎక్స్0 నుంచి ఎక్స్30, ఎస్పీ (స్టాక్ పాయింటర్), పీసీ (ప్రోగ్రామ్ కౌంటర్) కలిపి 264 బైట్లు. పీస్టేట్ (ప్రాసెసర్ స్థితి) 4. ఫ్లోటింగ్ పాయింట్‌వి 512. వాటి స్థితి, నియంత్రణ రిజిస్టర్లు ఎఫ్‌పీఎస్‌ఆర్, ఎఫ్‌పీసీఆర్ కలిసి 8. జీడీబీ లెక్క 788 బైట్లు, అంటే 1576 అంకెలు. వచ్చినవి 1584. పీసీ తర్వాత 45010060 కనిపించింది, అది పీస్టేటే. ఆ వెనక అన్నీ సున్నాలు, ఎందుకంటే ఫ్లోటింగ్ పాయింట్ విలువల చోట కెర్నల్ సున్నాలే నింపుతుంది. అదనం ఎక్కడుందో ప్యాకెట్‌లో దొరకదు. కెర్నల్ సోర్సులోని పట్టికలో దొరికింది: పీస్టేట్ పక్కన 8.

దీని వెనక కథ ఉంది. ఆర్మ్ మాన్యువల్ ఆ రిజిస్టర్‌ను 32 బిట్లదని రాసింది. నిజానికి అది 64 బిట్లదే, పై సగానికి అప్పటికింకా అర్థం కేటాయించలేదంతే. జీడీబీ 7.7లో దాన్ని 64 బిట్లు చేశారు, 7.8.1లో వెనక్కి తీసుకున్నారు. అది ముమ్మాటికీ సరైన నిర్ణయం. అప్పటికే బయట నడుస్తున్న స్టబ్‌లకు (జీడీబీకి అవతలి వైపు నుంచి జవాబిచ్చే కోడ్‌కు) చెప్పకుండా ప్రోటోకాల్ మార్చకూడదు. 32 బిట్ల ఆర్మ్ కేజీడీబీ అయితే ఎప్పుడో కాలం చెల్లిన ఎఫ్‌పీఏ (పాత ఫ్లోటింగ్ పాయింట్) రిజిస్టర్ల కోసం 96 బైట్ల చోటు అలాగే ఉంచింది. నాకది ఎంతో నచ్చే క్రమశిక్షణ.

తర్వాతి కెర్నళ్లలో ఉన్న దిద్దుబాటునే 3.18కి తెచ్చుకున్నాను. పీస్టేట్ సైజు 8 నుంచి 4కి, హెడర్‌లో ఎనిమిది బైట్ల రిజిస్టర్లు 34 నుంచి 33కి, నాలుగు బైట్లవి 2 నుంచి 3కి. మళ్లీ బిల్డ్ చేస్తే జీడీబీ మొదటిసారికే కనెక్టయింది, బ్యాక్‌ట్రేస్ వచ్చింది.

బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద విలువ బైట్ ముందుండే) కెర్నల్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: అక్కడ పనికొచ్చే సగం చివర ఉంటుంది కాబట్టి పీస్టేట్ ఆఫ్‌సెట్‌కు 4 కలపాలి.