పేర్లు వేరు, మందు ఒకటే

రాత్రి రెండు గంటలకి నాలుగోసారి బాత్రూమ్‌కి వెళ్లాను. పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. మూత్రం వచ్చేస్తున్నట్టే ఉంటుంది, చుక్క రాదు. పది నిమిషాలు నిలబడి, చెమటలు పట్టి, వచ్చి మంచం అంచున కూర్చున్నాను. కూర్చుంటే నొప్పి, పడుకుంటే ఇంకా నొప్పి. "ఏమైందండీ?" అంటూ నా భార్య లేచి లైటు వేసింది. చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంకో గంట ఓర్చుకున్నాను. అలా ఓర్చుకోవడం చాలా పొరపాటు.

అంతకు నాలుగు రోజుల ముందు నాకు వచ్చింది మామూలు జలుబు. ముక్కు కారడం, తుమ్ములు, ఒళ్లు వెచ్చబడడం, రెండో రోజుకి ముక్కు దిబ్బడ. నాకు 62 ఏళ్లు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను, అంతకుమించి జబ్బులేవీ లేవనుకునేవాణ్ణి. జలుబుకి డాక్టరు ఎందుకని మందుల షాపులో జలుబు మాత్రలు తెచ్చుకుని రోజుకి మూడు చొప్పున వేసుకున్నాను. జ్వరం పూర్తిగా తగ్గడం లేదని ఇంట్లో ఉన్న 650 మిల్లీగ్రాముల జ్వరం మాత్ర కూడా రోజుకి నాలుగుసార్లు వేసుకున్నాను. రాత్రిళ్లు దగ్గు నిద్రపోనివ్వడం లేదని ఒక సిరప్. తుమ్ములు ఆగడం లేదు, ఎలర్జీ ఏమోనని మా అమ్మాయి ఎప్పుడో వాడగా మిగిలిన ఎలర్జీ మాత్ర. నాలుగు బాధలకి నాలుగు మందులు అనుకున్నాను. ఏ ఒక్కదానిలోనూ లేబుల్ మీద రాసిన డోసు దాటలేదు. అందుకే జాగ్రత్తగా ఉన్నానని నిజంగా నమ్మాను.

మూడో రోజు నుంచే ఒళ్లు చెబుతూ వచ్చింది. నోరు ఎండిపోయి నాలుక పిడచగట్టేది. పగటిపూట కూడా మగత, కుర్చీలో కూర్చుంటే తల వాలిపోయేది. మూత్రం సన్నగా, ఆగి ఆగి వచ్చేది. నీళ్లు సరిగ్గా తాగడం లేదు కాబోలు అని సరిపెట్టుకున్నాను.

తెల్లవారేలోపే ఆసుపత్రికి వెళ్లాం. బయల్దేరే ముందు మా అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, నాన్న వేసుకున్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లు" అంది. ఆ రోజు అందరికంటే తెలివైన పని చేసింది అదే.

ఎమర్జెన్సీలో ముందు కాథెటర్, అంటే మూత్రాన్ని బయటికి తీసే సన్నని గొట్టం, వేశారు. దాదాపు 900 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. ఆ పది నిమిషాల్లో కలిగిన హాయిని చెప్పడానికి నాకు మాటలు లేవు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. వెళ్లినప్పుడు బీపీ 178/104 ఉంది. అందులో నొప్పి వల్ల ఎంత, మందు వల్ల ఎంత అని విడదీయలేమన్నారు.

నేను కాస్త స్థిమితపడ్డాక డాక్టరు గారు సంచిలోవన్నీ బల్ల మీద పరిచారు. ఒక్కోదాన్నీ వెనక్కి తిప్పి, "ఇది చదవండి" అని నా చేతికే ఇచ్చారు. ముందువైపు పెద్ద అక్షరాల పేర్లు నాలుగూ వేరు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నవి మాత్రం చుట్టాలే. జలుబు మాత్రలో మూడు మందులు ఉన్నాయి: పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, సూడోఎఫెడ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్. సిరప్‌లో మళ్లీ అదే క్లోర్‌ఫెనిరమైన్, దానితోపాటు దగ్గు ఆపే డెక్స్‌ట్రోమెథార్ఫాన్. ఎలర్జీ మాత్ర సెటిరిజిన్, అదీ క్లోర్‌ఫెనిరమైన్ లాగే యాంటీహిస్టమిన్, అంటే తుమ్ములు, ఎలర్జీ తగ్గించే రకం మందు. జ్వరం మాత్ర మొత్తం పారాసెటమాలే.

"రాత్రిళ్లు మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?" అని అడిగారు.

మూడుసార్లు. రెండేళ్లుగా అంతే. వయసు మీద పడింది, మామూలే అనుకున్నాను. ఏ డాక్టరుకీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా చెప్పలేదు. స్కాన్ చేస్తే, మగవాళ్లకి మూత్రాశయం కింద మూత్రం వచ్చే దారి చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగి ఉందని తేలింది. దారి అప్పటికే ఇరుకు. సూడోఎఫెడ్రిన్ ముక్కులో రక్తనాళాల్ని బిగించి దిబ్బడ తగ్గిస్తుంది, మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని కూడా అలాగే బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్ లాంటి పాతతరం యాంటీహిస్టమిన్లు నోరు ఎండిపోయేలా చేస్తాయి, మగత తెస్తాయి, మూత్రాశయం ముడుచుకుని మూత్రాన్ని బయటికి నెట్టే బలాన్నీ తగ్గిస్తాయి. ఒకటి తలుపు బిగించింది, ఇంకొకటి తోసే చేతిని నీరసపరిచింది. సూడోఎఫెడ్రిన్ బదులు ఫినైలెఫ్రిన్ ఉండే జలుబు మాత్రలూ ఉన్నాయి. బీపీ, గుండె జబ్బు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ రెంటిలో ఏదీ వాడకూడదట. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవాళ్లకి ఆ పాతతరం యాంటీహిస్టమిన్లు కూడా ప్రమాదమే. డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్లు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్ అడగకుండా తాగకూడదన్నారు.

తర్వాత కాగితం తీసి లెక్క వేశారు. జలుబు మాత్రల్లో 500 చొప్పున మూడు, 1,500. జ్వరం మాత్రలు 650 చొప్పున నాలుగు, 2,600. మొత్తం 4,100 మిల్లీగ్రాముల పారాసెటమాల్. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4,000 దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకి, రోజూ మద్యం తాగేవాళ్లకి, బాగా బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఆ హద్దు ఇంకా తక్కువ. నేను ఏ స్ట్రిప్ మీది హద్దూ దాటకుండానే మొత్తం మీద దాటేశాను.

ఆ కాగితం చూసినప్పుడు వేసిన భయం రాత్రి నొప్పికి కూడా వెయ్యలేదు. పారాసెటమాల్‌ని లివర్ విడగొట్టేటప్పుడు కొంత భాగం విషపదార్థంగా మారుతుంది. మామూలు డోసులో దాన్ని విరిచే సరుకు లివర్ దగ్గరే ఉంటుంది. డోసు ఎక్కువైతే ఆ సరుకు అయిపోయి లివర్ కణాలే చచ్చిపోతాయి. మొదటి రోజు పైకి ఏమీ తెలియకపోవచ్చు, కాస్త వికారం తప్ప. విరుగుడుగా ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు ఉంది, కానీ ఎక్కువ డోసు పడిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే అది బాగా పనిచేస్తుంది. పారాసెటమాల్ ఎక్కువ పడిందని తెలిస్తే బాధ మొదలయ్యేదాకా ఆగకూడదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. నాకు లివర్ పరీక్ష ఆ రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి చేశారు. రెండోది కూడా బాగానే ఉందని తెలిశాకే నిద్ర పట్టింది.

కాథెటర్‌తో మూడు రోజులు ఇంట్లో ఉన్నాను. కాలికి కట్టిన సంచితో నడవడం, అటూ ఇటూ తిరిగి పడుకోలేకపోవడం, గొట్టం లాగినప్పుడల్లా మంట. టామ్‌సులోసిన్ అనే మాత్ర మొదలుపెట్టారు, అది ఆ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. తల తిరగొచ్చు, మంచం మీంచి మెల్లగా లేవమన్నారు. నాలుగో రోజు గొట్టం తీసేసి, నీళ్లు తాగించి, వరండాలో కూర్చోబెట్టారు. రెండు గంటలు టెన్షన్‌గా గడిచాయి. మూత్రం దానంతట అదే వచ్చినప్పుడు బయటికి వచ్చి మా ఆవిడకి చెబితే, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

జలుబు పదో రోజుకి దానంతట అదే పోయింది. ఈ మందులేవీ జలుబుని ముందే తగ్గించవు, బాధని కాసేపు కప్పిపెడతాయి అంతే. ఆ సంగతి తెలిసుంటే నాలుగు మందులు ఒకదాని మీద ఒకటి వేసుకునేవాణ్ణి కాదు. నాలుగేళ్లలోపు మనవరాలికి ఇలాంటి కలగలుపు మందులు సొంతంగా వెయ్యొద్దని మా అమ్మాయికి అప్పుడే చెప్పారు.

మొన్న మళ్లీ జలుబు చేసింది. షాపులో ముందే చెప్పాను: బీపీ ఉంది, ప్రోస్టేట్ ఉంది, టామ్‌సులోసిన్ వాడుతున్నాను. చేతికి తీసిన పెట్టెని ఆయన వెనక్కి పెట్టేసి, ముక్కులో వేసుకునే ఉప్పునీటి చుక్కలు, ఒక్క పారాసెటమాల్ మాత్రమే ఇచ్చారు. దిబ్బడకి స్ప్రే అడిగితే, దానికీ డాక్టరు గారు సరేననాలని, అన్నా మూడు రోజులు దాటి కొడితే దిబ్బడ ఇంకా పెరుగుతుందని వివరించారు. వేసుకున్న ప్రతి మాత్ర పేరూ టైమూ ఒక కాగితం మీద రాసుకున్నాను. నాలుగు రోజుల్లో కోలుకున్నాను.

ఆ సాయంత్రం మా అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి 67. ఇన్నేళ్లలో మేం ఎప్పుడూ మాట్లాడుకోని విషయం అడిగాను. "అన్నయ్యా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నావు?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "నాలుగుసార్లు. వయసు కదరా" అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. ఇంట్లో జలుబు మాత్రలు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవమన్నాను. కళ్లద్దాలు వెతుక్కోవడానికి ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.