యార్క్ వెళ్లి విన్న మా గుట్ట పేరు

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు రైలులో సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటలకు నేను చెల్లించిన నూరు పౌండ్ల పైచిలుకు సంగతి ముందుగా చెప్పుకోకపోతే మిగిలిన కథ చెప్పడానికి నాకు మనసొప్పదు. ఇక్కడ ప్రయాణం రోజు దగ్గరపడే కొద్దీ టికెట్టు ధర పెరుగుతుందని తెలిసి కూడా, యార్క్‌లో సదస్సుకు వెళ్లే ఖర్చులకు అనుమతి కాగితం వచ్చే దాకా ఆగి, బయలుదేరే ఉదయమే కౌంటరు దగ్గర కొన్నాను. తీరా మంజూరైన మొత్తం అందులో సగానికి కూడా చాలలేదు. ఆ డబ్బుతో సికింద్రాబాదు నుంచి కొత్తగూడేనికి మణుగూరు ఎక్స్‌ప్రెస్‌లో ఎన్నిసార్లు వెళ్లి రావచ్చునో లెక్క వేసుకుంటూ, డాంకాస్టర్ దాటే వరకు కిటికీ వైపు చూడనేలేదు.

తొలి మధ్యయుగ పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేసే విద్యార్థులు తమంతట తామే నడుపుకునే రెండు రోజుల సదస్సు అది. మొదటి రోజు గురించి చెప్పవలసింది తక్కువ. ఆ రోజు విన్న ప్రసంగాలలో సగం స్తంభపు గుంతల గురించే. ఏడో శతాబ్దపు ఇంగ్లండులో ఇళ్లు, సభామందిరాలు అధికంగా కర్రతో కట్టినవి కావడం వల్ల, కర్ర కుళ్లిపోయి, అది పాతిన చోట మట్టి రంగులో తేడా మాత్రమే మిగిలింది. ఆ మరకలను కలిపి గీత గీసి, ఇది గోడ, ఇది ద్వారం అని నిర్ధారిస్తారు. యార్క్‌లోనే కాపర్‌గేట్ వీధిలో 1976 నుంచి 1981 వరకు జరిగిన తవ్వకాలలో, నీరు ఊరిన నేలలోకి గాలి చొరబడకపోవడం వల్ల, వైకింగుల కాలపు కర్ర గోడలు, తోలు చెప్పులు చెడకుండా దొరికాయి. అటువంటి అదృష్టం అన్ని చోట్లా దక్కదు. గుంతల పటాలు వరుసగా చూస్తుంటే ముందు విసుగు పుట్టింది. సాయంత్రానికి మాత్రం, లేనిదాన్ని ఇంత ఓపికగా చదివే వీళ్ల మీద గౌరవం కలిగింది.

రెండో రోజు ఉదయం నా వంతు వచ్చింది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. బాదామి చాళుక్యుల కాలంలో, అంటే ఇక్కడివారు కర్రతో ఇళ్లు కట్టుకుంటున్న ఆ ఏడు, ఎనిమిది శతాబ్దాలలోనే, తుంగభద్ర ఒడ్డున రాతితో లేచిన గుడుల శిఖరాలను తెర మీద చూపినప్పుడు గదిలో చిన్న కలకలం పుట్టింది. ఇంతా చేసి చివరికి వచ్చిన ప్రశ్న గుడుల గురించి కాదు. ‘మీ తొలి మధ్యయుగం ఏ సంఘటనతో మొదలవుతుంది?’ అని అడిగారు. వీరికి లెక్క సులువు: 410 ప్రాంతంలో రోమన్ల పాలన ముగియడంతో మొదలై 1066లో నార్మన్ల విజయంతో ముగుస్తుంది. మనకు స్థూలంగా 600 నుంచి 1200 వరకు అని రాసుకుంటాము గాని, దానికి ఆరంభంగా చూపడానికి ఒక యుద్ధమూ లేదు, ఒక తేదీ లేదు. భూదానాలు పెరిగాయని, పట్టణాలు క్షీణించాయని చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ చెప్పిన వాదాన్ని, దానికి మరో చరిత్రకారుడు బి.డి. చట్టోపాధ్యాయ చూపిన అభ్యంతరాన్ని రెండు నిమిషాలలో ఇరికించబోయి తడబడ్డాను. ఒకే పేరుతో రెండు వేరు కాలాలను పిలుచుకుంటూ ఒకే గదిలో కూర్చున్నామన్న సంగతి అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఆ తడబాటును దిగమింగుతూ టీ విరామంలో గోడ పక్కన నిలబడి ఉండగా, జర్మనీ నుంచి వచ్చిన ఒక పరిశోధకురాలు దగ్గరికి వచ్చి, ‘మీరు తెలంగాణ వారా? గారిబ్‌పెట్ ఎక్కడో మీకు తెలుసా?’ అని అడిగింది. ఆ ఉచ్చారణ అర్థమై, అది కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట అని పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. మా మేనమామ ఉద్యోగం వల్ల సెలవులన్నీ కొత్తగూడెంలో గడిపినవాళ్లం. ఆ ప్రాంతపు నేలలో బొగ్గు తప్ప మరొకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆమె ఆరో శతాబ్దపు ఫ్రాంకుల, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన జర్మానిక్ జాతివారి, నగలలోని ఎర్రరాళ్ల మీద పని చేస్తోంది. గార్నెట్ అనే ఆ ఎర్రరాయిని పలుచని పలకలుగా కోసి, బంగారు గళ్లలో పొదగడం ఆనాటి యూరపు కంసాలుల ప్రత్యేకత. 1653లో నేటి బెల్జియంలోని టూర్నేలో బయటపడిన ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధిలోని బంగారు తేనెటీగల రెక్కలు కూడా అలా పొదిగినవే. ఐదు, ఆరు శతాబ్దాల నగలలోని ఆ రాళ్లలో చాలా భాగం భారతదేశం నుంచి, శ్రీలంక నుంచి వెళ్లాయని, ఏడో శతాబ్దంలో ఆ సరఫరా సన్నగిల్లి బొహీమియా (నేటి చెక్ దేశపు ప్రాంతం) చిన్నరాళ్ల వాడకం పెరిగిందని రసాయన పరీక్షలు తేల్చాయి. గరీబ్‌పేట సంగతి అందులోకి ఎలా వచ్చిందంటే, పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో దొరికిన గార్నెట్ పూసలను గరీబ్‌పేట గుట్ట రాళ్లతో పోల్చి, రసాయన కూర్పూ, రాతిలో చిక్కుకున్న ఇతర ఖనిజాల నలుసులూ రెండింటిలోనూ సరిపోయాయని 2017లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. అరికమేడు పూసలు వేరు, ఫ్రాంకుల నగలు వేరు, రెంటినీ కలిపివేయకూడదని ఆమె రెండుసార్లు హెచ్చరించింది. ఆ తరువాత, ‘గుట్ట ఎలా ఉంటుంది?’ అని అడిగింది. నేను ఎన్నడూ వెళ్లలేదని చెప్పవలసి వచ్చింది. స్తంభపు గుంతల ప్రసంగం రెండో విడత మొదలైందని పిలుస్తున్నా మేమిద్దరం కదలలేదు.

తిరుగు ప్రయాణంలో సాయంత్రానికి ముందే కింగ్స్ క్రాస్‌లో దిగి, నడిచే బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాను. ప్రవేశం ఉచితం కావడం ఆ వారాంతంలో నా జేబుకు దొరికిన ఏకైక ఊరట. 41వ గదిలో, 1939లో తూర్పు ఇంగ్లండులోని సటన్ హూ దగ్గర, ఓడతో సహా పూడ్చిన ఏడో శతాబ్దపు సమాధిలో దొరికిన, గార్నెట్లు పొదిగిన భుజపు పట్టీలు ఉన్నాయి. రాళ్ల అడుగున గళ్ల నగిషీ చెక్కిన బంగారు రేకు ఉండడం వల్ల, వెలుగు లోపలికి పోయి తిరిగి వచ్చి ఎరుపు నిప్పులా కనిపిస్తుంది. మా అమ్మమ్మ ఎర్రరాళ్ల కమ్మలకు వెనుక రేకు వేసి కట్టించుకున్నది కూడా ఆ మెరుపు కోసమే. ఆ పట్టీలలోని ఏ రాయి ఎక్కడిదో కంటితో చెప్పలేమని తెలిసి కూడా, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి ఒక్కొక్క గడి చూశాను.

మర్నాడు మామయ్యకు ఫోన్ చేసి గరీబ్‌పేట గుట్ట గురించి అడిగాను. సింగరేణిలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, ‘ఆ గుట్ట మీద ఏముందిరా, రాళ్లు తప్ప?’ అన్నాడు.