సిగరెట్ ముట్టని నాకు లంగ్ క్యాన్సర్, బయటపడింది మాత్రం గుండె స్కాన్‌లో

మేం ఉండేది న్యూజెర్సీలో. నేను సిగరెట్ ముట్టలేదు, ఇంట్లో కూడా ఎవరూ కాల్చరు. పొడి దగ్గు పట్టుకుని నెలల తరబడి వదల్లేదు, పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. డాక్టర్ దగ్గరికెళ్తే మొదటి ప్రశ్న, ఇండియా ఎప్పుడు వెళ్ళొచ్చారు అని. టీబీ స్కిన్ టెస్ట్ చేశారు, చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నదాన్ని కదా, వాచింది. బ్లడ్ టెస్ట్ చేస్తే టీబీ లేదని తేలింది, ఇక అలర్జీ అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు, తర్వాత యాసిడ్ రిఫ్లక్స్ అన్నారు. స్మోక్ చేస్తారా అంటే లేదన్నాను, ఊపిరితిత్తుల సంగతి అక్కడితో సరి.

మా నాన్నగారికి చిన్న వయసులోనే హార్ట్ ఎటాక్ వచ్చింది, పైగా సౌత్ ఏషియన్స్‌కి గుండె రిస్క్ ఎక్కువని 2018 కొలెస్ట్రాల్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, అందుకని కార్డియాలజిస్ట్ కాల్షియం స్కోర్ సీటీ, అంటే గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందా అని చూసే స్కాన్, తీయించమన్నారు. స్కోర్ సున్నా. కానీ రిపోర్ట్ అడుగున ఇంకో లైన్, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉంది, వెంటనే చూపించుకోమని. పెట్ స్కాన్, బయాప్సీ అయ్యాక అడినోకార్సినోమా అనే రకం లంగ్ క్యాన్సర్, స్టేజ్ 1బీ అన్నారు.

అంటే టీబీకి నేను ఇండియన్‌ని, గుండెకి సౌత్ ఏషియన్‌ని, లంగ్ క్యాన్సర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం సిగరెట్ల లెక్క ఒక్కటే. అమెరికాలో లంగ్ క్యాన్సర్ వచ్చిన ఏషియన్ ఆడవాళ్ళలో సగానికి పైగా ఎప్పుడూ సిగరెట్ తాగనివాళ్ళే, ఆ మాట నాకు ఒక్క డాక్టరూ చెప్పలేదు.

రోబోటిక్ సర్జరీలో ఆ ఊపిరితిత్తి కింది భాగం (లోబ్) తీసేశారు. పక్కన ట్యూబ్ పెట్టారు, దగ్గినా తుమ్మినా దిండు గుండెకి అదుముకోవాల్సిందే. ఊపిరితిత్తుల ఎక్సర్‌సైజ్‌కి ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాకి గొట్టం ఉంటుంది, గాలి పీలిస్తే లోపల పిస్టన్ పైకి లేవాలి, మొదటి రోజు అది అడుగునుంచి కదల్లేదు, నాకు ఏడుపొచ్చేసింది.

రీహాబ్‌లో నా పక్క ట్రెడ్‌మిల్ మీద ఒక ఆఫ్రికన్ అమెరికన్ పెద్దాయన నడిచేవారు, రిటైరైన బస్సు డ్రైవర్. రోజుకి పది సిగరెట్లు, 30 ఏళ్ళు తాగారట. లంగ్ క్యాన్సర్ ఉందేమో అని ముందే స్కాన్ ఎవరికి చేయాలో చెప్పే స్క్రీనింగ్ రూల్‌లో రోజుకి ఎన్ని ప్యాకెట్లు ఇంటూ ఎన్నేళ్ళు అని చూస్తారు, దాన్నే ప్యాక్ ఇయర్స్ అంటారు, అర ప్యాకెట్ ఇంటూ 30 అంటే 15, కావాల్సింది 20. ఆయనకి స్కాన్ రాలేదు, స్టేజ్ 3లో తెలిసింది. "ఇంకో నాలుగు ఎక్కువ తాగుంటే స్కాన్ చేసేవాళ్ళా అమ్మా" అని నన్ను అడిగారు.

నల్లవాళ్ళు తెల్లవాళ్ళకంటే సగటున తక్కువ సిగరెట్లు తాగుతారు, అయినా లంగ్ క్యాన్సర్ వాళ్ళకంటే తక్కువ వయసులోనే వస్తుంది. లో డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) వల్ల లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గుతాయని 2011లో తేల్చిన పెద్ద స్టడీలో 53 వేల పైచిలుకు మంది ఉంటే వందకి ఐదుగురు కూడా నల్లవాళ్ళు లేరు, రూల్ పుట్టింది అందులోంచే. 2019లో ఒక స్టడీ వచ్చింది, సిగరెట్ తాగి లంగ్ క్యాన్సర్ తెచ్చుకున్నవాళ్ళలో పాత రూల్ ప్రకారం స్కాన్‌కి అర్హులు తెల్లవాళ్ళలో 56 శాతం, నల్లవాళ్ళలో 32. అప్పుడు 55 ఏళ్ళు, 30 ప్యాక్ ఇయర్స్ కావాలి, 2021లో దాన్ని 50కి, 20కి దించారు. మంచిదే, కానీ ఆ పెద్దాయనా అందులోకి రాలేదు, నేనూ రాలేదు.

నా గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉంది, ఏషియన్స్‌లో ఎక్కువగా కనిపించేదే. దానికి రోజుకో ఒసిమెర్టినిబ్ టాబ్లెట్, మూడేళ్ళు. గోళ్ళ పక్కన చర్మం చీలిపోతుంది, ఆవకాయ కలిపితే వేళ్ళు భగ్గుమంటాయి, స్పూన్‌తోనే తింటున్నా. స్కాన్లు ఇప్పటిదాకా క్లీన్.

తైవాన్‌లో 2022 నుంచి అమ్మానాన్నలకో, తోబుట్టువులకో, పిల్లలకో లంగ్ క్యాన్సర్ ఉంటే, ఒక వయసు దాటినవాళ్ళకి సిగరెట్ తాగకపోయినా ప్రభుత్వమే స్కాన్ చేయిస్తోంది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లి తనకీ చేయమని అడిగితే రూల్‌లో లేదు, ఇన్సూరెన్స్ ఇవ్వదు అన్నారు. సొంత డబ్బు కట్టి తీయించుకుంది, ఏమీ లేదని వచ్చింది. వచ్చే ఏడాది మళ్ళీ అడుగుతానంటోంది, ఈసారి నా బయాప్సీ రిపోర్ట్ కూడా పట్టుకెళ్తుందట.